మూడు నెలలు విన్నా, 75కి 31: ఆడియో పాఠాలతో హిస్టరీ ఎక్కుతుందా?

తాంబరం_లోకల్
నాది గ్రూప్-2, ఇది మూడోసారి. చెన్నైలో ఉంటా, తాంబరంలో రూము, ప్యారిస్ కార్నర్‌లో ఉద్యోగం. పొద్దున గంట, సాయంత్రం గంట లోకల్ ట్రైన్లోనే పోతుంది. నిలబడటానికే చోటుండదు, ఇంక పుస్తకం ఎక్కడ తెరుస్తాం. అందుకని మెయిన్స్ మొదటి పేపర్లోని ఏపీ సామాజిక, సాంస్కృతిక చరిత్ర మొత్తం ఆడియో పాఠాల మీదే పెట్టుకున్నా. 62 పాఠాలు, ఒక్కోటి రెండేసిసార్లు. కళ్లు కాయలు కాశాయంటారే, నాకు చెవులు కాశాయి.

మొన్న ఆదివారం మాక్ టెస్ట్ రాశా. పేపర్ చూడగానే ప్రాణం లేచొచ్చింది, అన్నీ విన్నవే! 75లో 71 పెట్టేశా. 41 రైటు, 30 తప్పు. తప్పుకి మూడోవంతు చొప్పున పది మార్కులు కోత. మిగిలింది 31.

మచ్చుకి ఒక ప్రశ్న. విలస తామ్రశాసనం ఎవరిది? ప్రోలయ నాయకుడు, ప్రోలయ వేమారెడ్డి, రెండో ప్రోలరాజు, కాపయ నాయకుడు. నాలుగు పేర్లూ చెవిలో గంటల్లా మోగుతున్నాయి. ఎవరికి వాళ్లు "నేనే, నేనే" అంటున్నారు. వేమారెడ్డికి పెట్టా, పోయింది.

ఆడియో మానెయ్యాలా? మానేస్తే ఆ రెండు గంటలూ ఏం చెయ్యను?

పెన్నూపేపరూ
మానెయ్యి. ఆడియో అంటే టైంపాస్. హిస్టరీ చేతికెక్కాలి, చెవికి కాదు. తెలుగు అకాడమీ పుస్తకం ముందు పెట్టుకుని రాజవంశానికో పేజీ నీ చేత్తో రాసుకో. మేం అట్లాగే చదివాం, అట్లాగే వచ్చింది.

గూడూరు_గోంగూర
మీకు ఉద్యోగం వచ్చిందా మాస్టారూ?

పెన్నూపేపరూ
ఇంటర్వ్యూ దాకా వచ్చింది. అప్పట్లో గ్రూప్-2కి ఇంటర్వ్యూ ఉండేది.

గూడూరు_గోంగూర
అడిగినందుకు ఏమీ అనుకోకండి. నాకు అక్కడిదాకా కూడా రాలా.

ఓఎమ్మార్_ఆవలింత
నాది ఇంకో రకం రోగం. నైట్ షిఫ్ట్ దిగాక సిరుసేరి నుంచి వేళచ్చేరి దాకా క్యాబ్‌లో వింటా. ఎక్కేటప్పుడు శాతవాహనులు. దిగేటప్పుడు ఆటోప్లే పుణ్యమా అని కుతుబ్ షాహీలు. మధ్యలో పదమూడొందల ఏళ్లు గురకలో పోయాయి. డ్రైవర్ తమిళాయన, ఒకరోజు నన్ను లేపి "సార్, రుద్రమదేవి ఎవరు సార్?" అన్నాడు. నాకంటే ఆయనే శ్రద్ధగా వింటున్నట్టున్నాడు.

సౌకార్‌పేట_కోడలు
టైంపాస్ అని కొట్టిపారేస్తే నేనొప్పుకోను. పిల్లలు స్కూలుకెళ్లాక వంటింట్లోనే నా చదువంతా. చీరాల–పేరాల పాఠం వింటూ కాకరకాయలు వేయిస్తున్నా. రెండు ఊళ్లూ కలిపి మున్సిపాలిటీ చేసి, పన్నులు పెంచి నెత్తిన రుద్దారు, మాకొద్దు మొర్రో అన్నా వినలేదు. సరే అని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరు ఖాళీ చేసి, ఊరవతల రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఎండకీ వానకీ ముసలాళ్లూ పిల్లలూ పాకల్లో. అది వింటూ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయా. కాకరకాయ బొగ్గయింది. మా అత్తగారు ఏమన్నారో రాయను గానీ, ఆ పాఠంలో ఒక్క ముక్క ఇప్పటికీ పోలేదు.

అదే విష్ణుకుండినుల పాఠం నాలుగుసార్లు విన్నా. మాధవవర్మ తర్వాత మాధవవర్మ, ఆయన తర్వాత ఇంకో మాధవవర్మ. ఏ కూరా మాడలేదు, ఏ మాధవవర్మా గుర్తులేడు.

గూడూరు_గోంగూర
కాబట్టి రోజుకో కూర మాడిస్తే గ్రూప్-2 గ్యారంటీ.

తాంబరం_లోకల్
@సౌకార్‌పేట_కోడలు అక్కా, సరిగ్గా నాదీ అదే. అల్లూరి, కన్నెగంటి హనుమంతు, పెదనందిపాడు పన్నుల నిరాకరణ వీటిల్లో ఒక్కటీ తప్పు పోలా. ప్రాచీనంలోనే మునిగా. ఇక్ష్వాకుల్లో వీరపురుషదత్తుడు, రుద్రపురుషదత్తుడు. శాంతమూలుడు, మళ్లీ ఎహువల శాంతమూలుడు. ట్రైన్ చప్పుడులో అందరూ ఒకడే.

నల్లగొండ_పోరడు
నేను పోరూర్‌ల ఉంట, రాసేది టీజీ గ్రూప్-2. నా లొల్లి వేరే. ఆడియోల సారు ఏది చెప్తే అదే వేదం అనుకుంటం. నేను విన్న పాఠంల రుద్రమదేవి పాలన 1295 దాక అని చెప్పిండు. శానా పాత పుస్తకాలల్ల గట్లనే ఉంటది. మా జిల్లాల నకిరేకల్ దగ్గర చందుపట్ల ఊరు. ఆడ దొరికిన శాసనం 1289ది, రుద్రమదేవి చనిపోయినంక ఆమె పుణ్యం కోసం ఒక భటుడు వేయించింది. మరి 1295 దాక ఎట్ల పాలించింది? పుస్తకమైతే కింద శాసనం పేరన్న ఉంటది, ఎన్కకు తిప్పి సూస్తం. చెవుల పడ్డ ముచ్చటకు ఎన్క పేజీ ఏడిది?

పెన్నూపేపరూ
నేను చెప్పేదీ అదే కదయ్యా. చూశారా.

చెవే_కన్ను
ఇందాకటి నుంచి చదువుతున్నా. చదువుతున్నా అంటే వింటున్నా; నాకు పుట్టుకతో చూపు లేదు. మీ పోస్టులన్నీ ఫోన్ చదివి వినిపిస్తోంది, గోంగూర గారి జోకులతో సహా.

"హిస్టరీ చెవికి ఎక్కదు" అని పెన్నూపేపరూ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను పదో తరగతి నుంచి ఇప్పుడు చేస్తున్న బ్యాంకు ఉద్యోగం దాకా చెవితోనే చదివాను. గ్రూప్-2 మెయిన్స్ రెండుసార్లు రాశాను, స్క్రైబ్‌తో, అంటే నా బదులు జవాబులు పెట్టే మనిషితో. మాకు గంటకి 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. ప్రశ్నా, నాలుగు ఆప్షన్లూ ఆయన చదువుతాడు, నేను జవాబు చెబుతా. అంటే చదువూ చెవితోనే, పరీక్షా చెవితోనే. మొదటి పేపర్ చరిత్ర భాగంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. నన్ను ముంచింది ఎకానమీ.

తాంబరం గారూ, మీరు వినడం తప్పు కాదు, వినేసి ఊరుకోవడం తప్పు. నేను చేసేది చెబుతా, నచ్చితే తీసుకోండి.

గంట పాఠం ఎప్పుడూ ఒకేసారి వినను. పది పన్నెండు నిమిషాలు విని ఆపేస్తా. ఆపి, ఫోన్ రికార్డర్ ఆన్ చేసి ఇప్పటిదాకా విన్నది నా మాటల్లో చెబుతా. మొదట్లో రెండు వాక్యాలు కూడా రావు, సిగ్గేస్తుంది. అప్పుడు మళ్లీ వెనక్కెళ్లి, జారిపోయిన ముక్క మాత్రం వింటా.

రెండోది, పేర్లు. చూపున్నవాళ్లు పేరుని బొమ్మలా చూస్తారు. నాకు ఆ వీలు లేదు కాబట్టి ప్రతి పేరుకీ ఒక తోక కడతా. ప్రోలయ నాయకుడు ముసునూరి ఆయన, రేకపల్లి, విలస శాసనం. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి. ఒట్టి "ప్రోలయ" అని నేనెప్పుడూ అనను. నోట్లోంచి తోక లేకుండా పేరు బయటికి రాకూడదు, అంతే నియమం.

మూడోదే అసలైంది. రాత్రి కూర్చుని నా గొంతుతో ప్రశ్నలు రికార్డు చేస్తా. "నానాఘాట్ శాసనం వేయించింది ఎవరు?" అని అడిగి, ఐదారు సెకన్లు ఊరుకుని, అప్పుడు "నాగనిక" అని చెబుతా. రోజుకి ఇరవై. మర్నాడు నడిచేటప్పుడు అది వింటా. ఆ ఐదు సెకన్ల ఖాళీలోనే నా చదువంతా ఉంది. ఖాళీ లేని ఆడియో పాటతో సమానం.

సౌకార్‌పేట_కోడలు
నాలుగోసారి వినే బదులు ఇది ఒక్కసారి చేసుంటే మాధవవర్మలు లొంగేవాళ్లేమో. ఈ రాత్రికే మొదలు.

పెన్నూపేపరూ
@చెవే_కన్ను నేను ఆలోచించకుండా అనేశాను. తప్పే. మీరు చెప్పే పద్ధతిలో ఆపి చెప్పడం ఉంది కాబట్టి అది రాయడంతో సమానం అంటాను. ఊరికే వినడం దండగ అనే మాట మీద మాత్రం నిలబడే ఉన్నా.

చెవే_కన్ను
ఊరికే చదవడం కూడా దండగే మాస్టారూ. పచ్చ స్కెచ్ పెన్నుతో పేజీ అంతా గీసేవాళ్లు మా ఆఫీసులో ఇద్దరున్నారు.

చేట్‌పెట్_చెల్లి
సైకాలజీ చదివినదాన్ని కాబట్టి ఒక్క మాట. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకి చిన్న పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మొన్నటి మాక్‌లో తాంబరం గారిని ముంచింది ఆ "ఐదు నిమిషాల" ధైర్యమే. విన్నది తెలిసినట్టుంటుంది. తెలిసినట్టుండటం వేరు, అడిగితే చెప్పగలగడం వేరు. నాలుగు ఆప్షన్లు పెట్టేవాడికి ఈ తేడా బాగా తెలుసు, నాలుగూ మీరు విన్నవే పెడతాడు.

ఓఎమ్మార్_ఆవలింత
నిద్రలో వింటే ఎక్కుతుందని ఎవరో యూట్యూబ్‌లో చెప్పారు. మూడు నెలలు నా మీద నేనే ప్రయోగం చేశా. ఎక్కలేదు. ఇది కూడా సైన్సు కింద రాసుకోండి.

మదనపల్లె_టమాటా
నా దగ్గిర పీడీఎఫ్ నోట్సు చానా ఉండాయి. వాటినే ఫోన్‌తో చదివించుకుంటే పాఠాలు కొనే పని ల్యా గదా అనుకుంటి. ఏమప్పా, అది చదివేది ఏ భాషో అర్థం కాల్యా. దెయ్యం పట్టినట్ల ఏందేందో గొణగతాది.

చెవే_కన్ను
అది పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్ అయ్యుంటుంది. కంటికి తెలుగులా కనిపిస్తుందట, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు గుర్తులు. యూనికోడ్‌లో ఉంటేనే ఫోన్ చదువుతుంది. పేజీలని ఫొటోల్లా తీసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టైపు చేసే సాఫ్ట్‌వేర్) చేయిస్తే యూనికోడ్ అవుతుంది, కాకపోతే ఒత్తులు తప్పుతాయి. మా ఫోన్ "క్రీ.శ." ని ఒక పేరనుకుంటుంది. చాలాకాలం ఎవరీ క్రీశా అనుకున్నా.

గూడూరు_గోంగూర
క్రీశా దేవి. శాతవాహనులకీ ఇక్ష్వాకులకీ మధ్య పాలించింది. సిలబస్‌లో లేదులే.

గిండీ_గుర్రం
తాంబరం తమ్ముడూ, నీది నా పాత లైనే. ఆరేళ్లు తిరిగా. ఆ లైన్లో తాంబరం నుంచి బీచ్ దాకా 18 స్టేషన్లు. రాజవంశాలన్నీ వాటికి అంటించుకున్నా. తాంబరంలో శాతవాహనులు ఎక్కుతారు. శానటోరియం ఇక్ష్వాకులు. క్రోంపేట శాలంకాయనులు. పల్లావరంలో పల్లవులు, అక్కడ మహేంద్రవర్మ తొలిపించిన గుహ కూడా ఉంది, పేరే వాళ్లది, ఇంక మర్చిపోయే ప్రశ్నే లేదు. తిరుసూలం విష్ణుకుండినులు. మీనంబాక్కంలో విమానాలుంటాయి గనక వేంగి చాళుక్యులు పైకి లేస్తారు. పళవందాంగల్ కాకతీయులు. పరంగిమలై అంటే కొండే, అక్కడ కొండవీడు రెడ్లు. గిండీలో గుర్రప్పందేలు, పోర్చుగీసువాళ్ల దగ్గర గుర్రాలు కొన్న విజయనగరం అక్కడ. సైదాపేట పేరులోనే సయ్యద్ వినిపిస్తుంది, కుతుబ్ షాహీలు. మాంబళంలో కంపెనీవాళ్లు బట్టల కొట్లు పెట్టుకున్నారు. అక్కడి నుంచి ఉద్యమాలు, బీచ్‌లో దిగేసరికి 1956 నవంబర్ 1.

పాఠం ఏ స్టేషన్‌దో ఆ స్టేషన్ ముందూ వెనకే వినేవాణ్ణి. కాలక్రమం ప్రశ్న వస్తే కళ్లు మూసుకుని ట్రైన్ ఎక్కేవాణ్ణి.

నల్లగొండ_పోరడు
పల్లవులు, విష్ణుకుండినులు ఒక్క కాలంల కూడ ఉన్నరు గద అన్నా. ఒకరి ఎనక ఒకరు ట్రైన్ దిగినట్టు రాలె.

గిండీ_గుర్రం
నిజమే. పల్లావరం, తిరుసూలం పక్కపక్కనే ఉంటాయి కదా, ఇద్దరూ ఒకే పెట్టెలో తోసుకుంటుంటారని సర్దుకున్నా. రాజులెవరూ క్యూలో రారు తమ్ముడూ. ఇది పరీక్ష కోసం కట్టుకున్న తాడు, చరిత్ర కాదు.

పెన్నూపేపరూ
పరీక్షలో సిగ్నల్ పడక కోడంబాక్కంలో ఆగిపోతే?

గిండీ_గుర్రం
నెగటివ్ మార్కు, మాస్టారూ.

లజ్‌కార్నర్
నాకు అరవై ఎనిమిదేళ్లు. పరీక్షలేం లేవు. ఊరికే సరదాకి చరిత్ర వింటూ నాగేశ్వరరావు పార్కులో నడుస్తా. ఈ చర్చలో నాకు ఒకటి విడ్డూరంగా ఉంది. చెవిలో ఆంధ్ర చరిత్ర పెట్టుకుని, కిటికీలోంచి ఆంధ్ర చరిత్రని దాటేసి వెళ్తున్నారు మీరంతా.

తాంబరం బాబూ, నువ్వు రోజూ ఎగ్మోర్ స్టేషన్ దాటి పోతావు కదా. దిగి నడిచి పోయేంత దూరంలో మ్యూజియం. 1851లో పెట్టింది. అమరావతి స్తూపం పలకలు అక్కడున్నాయి. కంపెనీ సర్వే అధికారి మెకంజీ 1797లో ఆ దిబ్బ చూశాడు, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి పలకలు మద్రాసు తెప్పించాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్లిపోయాయి, మిగిలినవాటిలో కొన్ని మనకి ఇక్కడ. "ఎలియట్ మార్బుల్స్" అని పేరుపడింది గానీ అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఆడియో పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఆ తేడా చెవికి పట్టదు. ఆకుపచ్చ జీర కొట్టే ఆ తెల్లదనం ఒక్కసారి చూస్తే పట్టుకుంటుంది.

అక్కడ నలగిరి ఏనుగు పలక వెతుకు. గుండ్రటి చట్రం. ఒకే చట్రంలో ఒకే ఏనుగుని రెండుసార్లు చెక్కాడు శిల్పి. ఒకపక్క మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, వీధిలో జనం చెల్లాచెదురు. మేడ మీద నుంచి కొందరు తొంగి చూస్తుంటారు. ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు రెండు ఏనుగులనుకున్నా. పక్కన స్కూలు పిల్ల "తాతా, అది సినిమా మాదిరి, ముందు ఇది, తర్వాత అది" అంది. అరగంట నిలబడ్డా. ఆ తర్వాత అమరావతి శిల్పంలో కథ చెప్పే పద్ధతి అనే పాఠం విన్నాను, మాట మాట కళ్లముందు కట్టింది. ముందు చూడు, తర్వాత విను.

ఇక మా లజ్. శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబర్ 16 అని బట్టీ పడతారు. శ్రీబాగ్ అంటే ఊరో, కమిటీయో అనుకునేవాళ్లని చూశా. అది ఇక్కడే మైలాపూర్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంటి పేరు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక, ఆయనే. నేను నడిచే పార్కుకి ఆయన పేరే. కోస్తావాళ్లూ రాయలసీమవాళ్లూ ఆ ఇంట్లో కూర్చుని విశ్వవిద్యాలయం, నీళ్లు, రాజధాని, హైకోర్టు గురించి మాట్లాడుకున్నారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని ఎందుకైందో ఆ ఇంటి దగ్గర మొదలుపెడితే అర్థమవుతుంది.

మదనపల్లె_టమాటా
శ్రీబాగ్ అంటే ఊరనుకున్నోళ్లలో నేనూ ఒకణ్ని సామీ. రాయలసీమోడినై ఉండి. తల దించుకుంటా ఉండా.

తాంబరం_లోకల్
పొట్టి శ్రీరాములు గారి స్మారకం కూడా అటువైపేనా సార్?

లజ్‌కార్నర్
రాయపేట హైరోడ్డులో. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 1952 అక్టోబర్ 19న అక్కడే దీక్షకి కూర్చున్నారు, డిసెంబర్ 15 రాత్రి పోయారు. 58 రోజులు. బస్సులో వెళ్తే కిటికీలోంచి బోర్డు కనిపిస్తుంది. నాలుగు రోజుల తర్వాత, 19న, నెహ్రూ రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. ఈ రెండు తేదీల మీద మీకు ప్రశ్న రాకుండా ఉండదు.

సౌకార్‌పేట_కోడలు
బాబాయిగారూ, మీరే ఆడియో పాఠం చెప్పకూడదా?

లజ్‌కార్నర్
మా ఆవిడ నలభై ఏళ్లుగా వింటోంది తల్లీ. ఆమెకి ఒక్కటీ గుర్తులేదంటుంది.

గూడూరు_గోంగూర
అది ఖాళీ లేని ఆడియో, అందుకని.

గిండీ_గుర్రం
చెవే_కన్ను గారి "ఖాళీ" మాట దగ్గరే నాకు మా ఊరి బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకడు "ఆహా, అప్పుడేమైంది?" అంటాడు, ఇంకోడు తప్పుగా ఏదో వాగి జనాన్ని నవ్విస్తాడు, కథకుడు వాణ్ణి సరిదిద్దుతాడు. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు, పల్నాటి కథ మాత్రం బ్రహ్మనాయుడి నుంచి బాలచంద్రుడి దాకా పొల్లు పోకుండా చెప్పేది. రికార్డు పాఠానికి వంతలు లేరు. మనమే వంత కావాలి.

ఓఎమ్మార్_ఆవలింత
మా క్యాబ్ డ్రైవర్ని వంతగా పెట్టుకున్నా. "రుద్రమదేవి ఎవరు సార్" అన్నాడు కదా, మొన్న చెప్పడం మొదలుపెట్టా. గణపతిదేవుడి కూతురు, 1262లో... అని చెబుతుంటే "అప్పా పేరు గణపతి, సరి, అమ్మా పేరు?" అన్నాడు. నాకు రాలేదు. ఇంటికొచ్చి వెతుక్కున్నా. షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఇంతకు ముందెప్పుడూ ఇంత మెలకువగా లేను.

పెన్నూపేపరూ
అడిగినవాడు డ్రైవరు, చదివినవాడు నువ్వు. ఆయన్నే పరీక్షకి పంపు.

చేట్‌పెట్_చెల్లి
స్పీడ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? నేను 1.75లో పెట్టి పానిపట్టు యుద్ధాలు విన్నా. 1526, 1556, 1761 మూడూ కోడంబాక్కం దాటేలోపు అయిపోయాయి. మూడింట్లోనూ ఎవరు గెలిచారో మాత్రం తెలీలేదు.

చెవే_కన్ను
నేను నవల రెండింతల స్పీడులో వింటా. పరీక్ష పాఠం 1.25 దాటను. మనకి కావలసింది పాఠం అయిపోవడం కాదు కదా.

నల్లగొండ_పోరడు
ఆడియోకి ఏది పెట్టాలె, పుస్తకానికి ఏది ఉంచాలె అని నేను పంచుకున్న. ఉద్యమాలు, కారణాలు, ఎవడు ఎవనితోని ఎందుకు కొట్లాడిండు, గవన్ని చెవులకు. జతపరిచేటియి, శాసనాలు, బిరుదులు, ఎవరి ఆస్థానంల ఎవరు, గవి కాయితం మీదనే. మోటుపల్లి అభయశాసనం 1244, గణపతిదేవుడు. రామప్ప గుడి 1213, రేచర్ల రుద్రుడు. వెయ్యి స్తంభాల గుడి 1163, రుద్రదేవుడు. గివి వింటే కలగాపులగమైతయి, రాసి గోడకు అంటిస్తే రోజు కండ్లవడ్తయి. మా రూంల అద్దం పక్కన కాకతీయులు, ఫ్రిజ్ మీద అసఫ్‌జాహీలు.

గూడూరు_గోంగూర
బాత్రూం తలుపుకి ఎవరు?

నల్లగొండ_పోరడు
క్లైవ్.

తాంబరం_లోకల్
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చా. చాలామంది మెసేజ్‌లో అడిగారు, అందుకని.

62 పాఠాల్లో 40 తీసేశా. పొద్దున ట్రైన్లో పన్నెండు నిమిషాలే వింటా, అంటే క్రోంపేటలో మొదలుపెడితే మీనంబాక్కం దాటేలోపు అయిపోద్ది. తర్వాత ఆపి లోలోపల చెప్పుకుంటా. పైకి చెబుదామంటే పక్కనోళ్లు చూస్తున్నారు. ఒకాయనైతే జరిగి చోటిచ్చాడు, పిచ్చోణ్ణనుకుని. సాయంత్రం నా గొంతుతో చేసుకున్న ప్రశ్నలు. నా గొంతు ఇంత దరిద్రంగా ఉంటుందని నాకు తెలీదు. ప్రోలయ నాయకుడికి తోక కట్టా, ఈసారి పోలా. గిండీ అన్న స్టేషన్లు కూడా పెట్టుకున్నా, కాకపోతే శాలంకాయనులు క్రోంపేటలో దిగకుండా నాతో పాటు ఆఫీసు దాకా వచ్చేస్తున్నారు.

నిన్న మాక్ రాశా. "విన్నట్టుంది" అనిపించినవి వదిలేశా. 60 పెట్టా, 48 రైటు, 12 తప్పు. నాలుగు పోయి 44.

పెన్నూపేపరూ
60 పెట్టావు చూడు, అదీ. ఇంకా పది రావాలి. విష్ణుకుండినులు రాసి చూసుకున్నావా?

తాంబరం_లోకల్
ఈ వారం వాళ్లే మాస్టారూ. పెన్నుతోనే.

చెవే_కన్ను
మీ ప్రశ్నల రికార్డింగ్ ఉంటే పంపండి. నావి నాకు బట్టీ అయిపోయాయి, వేరే గొంతు కావాలి. నావి మీకు పంపుతా.

సౌకార్‌పేట_కోడలు
నావి కూడా కలపండి. వెనకాల కుక్కర్ కూతలుంటాయి, సర్దుకోవాలి.

తాంబరం_లోకల్
@లజ్‌కార్నర్ సార్, మీ మాట మీద మొన్న ఎగ్మోర్‌లో దిగా. గేటుకి తాళం.

లజ్‌కార్నర్
ఏ వారం వెళ్లావు?

తాంబరం_లోకల్
శుక్రవారం.

లజ్‌కార్నర్
శుక్రవారం సెలవయ్యా! చెప్పడం మర్చిపోయా. వచ్చే ఆదివారం పది గంటలకి గేటు దగ్గరికి రా, నేనూ వస్తా. ఏనుగు దగ్గర నేనేం చెప్పను, నువ్వే చెప్పాలి.

గూడూరు_గోంగూర
నేనూ వస్తా. వంత కావాలి కదా.